వేలు చూపించిన చోటు

శనివారం లారీ వస్తుందనగా సోమవారం పొద్దున లీలారాణి పెరట్లో కుండలో సున్నం నానబెట్టింది.

ఇంటినిండా సగం కట్టిన మూటలు. నవారు మంచం విప్పి గోడకు ఆనించి ఉంది. మా అమ్మాయి షీబా గాజు గ్లాసులను పాత పేపర్లలో చుడుతూ, చుట్టే ముందు ఒక్కో పేపరులో ఒక్కో వార్త చదువుకుంటూ కూర్చుంది. ఆ గందరగోళం మధ్య సున్నపు గడ్డలు నీళ్లు తాగి బుసబుసమని పొంగుతున్నాయి.

"వదిలేసి ఎల్లిపోయే ఇంటికి సున్నమేటమ్మా?" అంది షీబా.

"ఇంటిక్కాదే," అంది లీల. 

దేనికో నాకు తెలుసు. తెలిసి, చేతిలో ఉన్న తాడును ఊరికే ముడివేస్తూ కూర్చున్నాను.

నేను హైవే పక్కన ఒక మందుల కంపెనీలో బాయిలరు దగ్గర పదహారేళ్లుగా పని చేస్తున్నాను. పదో తరగతి, ఆ పైన ఐటీఐ, అంతే నా చదువు. ఈ ఏడు మార్చిలో మా సెక్షన్ మొత్తాన్ని గుజరాత్‌లో భరూచ్ దాటి, సముద్రం పక్కనున్న ఇంకో ప్లాంటుకు తీసుకుపోతామన్నారు. వచ్చేవాళ్లు రావచ్చు, రాలేనివాళ్లు ఆగిపోవచ్చు. తొమ్మిది మందిలో ముగ్గురం ఒప్పుకున్నాం. మూడు కుటుంబాలకూ కలిపి ఒకే లారీ. లారీ పొడుగు కొలిచి ఒక్కో కుటుంబానికి ఏడడుగులు అని సుద్దముక్కతో గీత గీశారు. ఏడడుగుల్లో పదిహేడేళ్ల సంసారం పట్టాలి.

అందుకని నెల రోజులుగా మా ఇంట్లో ఒకటే మాట, ఏది పట్టుకెళ్లాలి, ఏది వదిలేయాలి. రుబ్బురోలు పక్కింటివాళ్లకు ఇచ్చేశాం. కోళ్లు మా పెద్దమ్మ కొడుకు తీసుకుపోయాడు. చోడి పిండి, ఆవకాయ జాడీ, షీబా పుస్తకాలు, కుట్టుమిషను, లీల పుట్టింటివాళ్లు పెట్టిన ఇత్తడి గంగాళం, ఇవి మాత్రం తప్పకుండా వస్తాయి. షీబా టీసీ తెచ్చుకుంది. గ్యాసు కనెక్షను వెనక్కిచ్చేశాం. ఇంకా మిగిలినవి రెండే పనులని లీల అంది. ఒకటి, సంఘం నుంచి మా సభ్యత్వపు ఉత్తరం. రెండోది రాయి.

"రాయేటి?" అన్నాను.

"గ్లోరీకి. నరసన్నపేటలో యుగంధర్‌కి సెప్పీసినాను, పేరు సెక్కి బుధవారం ఇస్తానన్నాడు. నువ్వెల్లి బండి మీద పట్టుకొచ్చీ. శుక్రవారం అసిరయ్య మావ సిమెంటు పెట్టి కూకోబెట్టీస్తాడు."

"ఇప్పుడు ఈ అడావుడిలో..."

"ఇప్పుడు కాపోతే ఇంకెప్పుడయ్యా? మనం ఎల్లిపోతే సున్నం ఎవులేస్తారు? రెండు వానలకి సాపయిపోతాది. సాపయితే ఇంకోల్ని పెట్టీరా?"

ఆమె అన్నది నిజమే. మా బాప్టిస్టు సంఘానికి మిషను కాలంలో ఇచ్చిన సమాధుల తోట ముప్పై సెంట్ల నేల. నాలుగు తరాలవాళ్లు అందులోనే ఉన్నారు. కొత్త నేల లేదు. అందుకని పెద్దలు ఒక పద్ధతి పెట్టారు. ఈస్టరుకు, అంటే పునరుత్థాన పండగ తెల్లవారుజామున, మళ్లీ నవంబరులో సమాధుల పండగకు ఎవరివాళ్లకు వాళ్లు సున్నం వేసుకోవాలి. సున్నం ఉన్న దిబ్బకు సొంతవాళ్లున్నారని అర్థం. కొన్నేళ్లపాటు ఎవరూ సున్నం వేయని మట్టి దిబ్బను చదును చేసి, వెనక వచ్చేవాళ్లకు ఇస్తారు. సిమెంటు చేసి పేరున్న రాయి పెడితే మాత్రం ఎవరూ ముట్టుకోరు. ఇందులో ఎవరి తప్పూ లేదు.

తప్పు నా దగ్గర ఉంది.

గ్లోరీ మా రెండో కూతురు. రెండువేల పద్దెనిమిది ఆగస్టులో పుట్టి పదకొండు రోజులు బతికింది. కాన్పులో లీలకు ఫిట్స్ వచ్చి పెద్దాసుపత్రిలో తెలివి లేకుండా పడుకుంది. కాస్త తెలివి వచ్చాక అద్దంలోంచి రెండుసార్లు బిడ్డను చూసింది. అంతే. పేరు మాత్రం కడుపుతో ఉన్నప్పుడే ఖాయం చేసుకుంది. బిడ్డ పోయిన రోజు నేనొక్కడినే కొత్త తువ్వాలులో చుట్టుకుని ఆటోలో ఊరికి తెచ్చాను. వాన. అసిరయ్య మావ గొయ్యి తీశాడు. అప్పటి పాస్టరుగారు గొడుగు కింద నిలబడి ప్రార్థన చేశారు. పడమటి గోడ పక్క వరస చిన్నపిల్లలది. అక్కడ పెట్టి, తాటికమ్మ ముక్కలు రెండు కట్టి సిలువ గుచ్చి, మళ్లీ ఆసుపత్రికి పరుగెత్తాను. ఎటు నుంచి ఎన్నో దిబ్బ అని లెక్కపెట్టుకోలేదు. తండ్రికి లెక్క ఎందుకనుకున్నాను.

లీలను ఆసుపత్రి నుంచి వాళ్లమ్మ చీపురుపల్లి తీసుకుపోయింది. అక్టోబరులో తిత్లీ వచ్చింది. ఆ తుపాను సంగతి మా జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. సమాధుల తోటలో జీడిచెట్లు, రెండు పెద్ద వేపలు వేళ్లతో సహా లేచి పడ్డాయి. పడమటి గోడ కూలిపోయింది. పొక్లెయిను తెచ్చి మానులను ఈడ్పించారు. పిల్లల వరస మీదుగానే ఈడ్చారు. కర్ర సిలువలన్నీ గాలికి ఎక్కడికి పోయాయో.

మూడు వారాలకు సమాధుల పండగ. లీల పుట్టింటి నుంచి తిన్నగా అక్కడికే వచ్చింది. ఆమె ఆ చోటు చూడడం అదే మొదలు. పడమటి వైపు చదునుగా అయిపోయిన నేలలో రెండే రెండు చిన్న దిబ్బలు మిగిలున్నాయి. ఒకటి దక్షిణం కొసన, సంఘ పెద్ద మనవడిది, సిమెంటు కట్టింది. రెండోది మట్టిది.

"ఏదయ్యా?" అంది లీల. చేతిలో కొవ్వొత్తి, బంతిపూల దండ ఉన్నాయి. మూడు నెలలు మంచం పట్టి లేచి వచ్చిన మనిషి.

నేను వేలు చూపించాను.

ఆమె ఆ మట్టి మీద బోర్లా పడిపోయింది. చాలాసేపటికి లేచి, తలవైపున్న గుండ్రటి రాయిని చేత్తో తడిమి, "ఈ రాయి నువ్వెట్టినావా?" అని అడిగింది.

"ఆఁ," అన్నాను.

నేను ఏ రాయీ పెట్టలేదు.

ఆ తర్వాత ఏడున్నరేళ్లు. ప్రతి పునరుత్థాన పండగకూ, ప్రతి నవంబరుకూ లీల తన చేత్తో ఆ దిబ్బకు సున్నం వేసింది. పక్కన కూర్చుని కబుర్లు చెప్పేది. ఈ ఏడు నిన్ను బడిలో వేద్దును, మీ అక్క గౌను నీకు సరిపోయేది, ఇలాంటివి. నేను కొంచెం దూరంలో నిలబడి ప్రార్థన చేసుకునేవాణ్ణి. ఆ రాయి ఎవరో ఊరికే పెట్టి ఉంటారు, నీళ్లకు దొర్లి వచ్చి ఉంటుంది అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. కొన్నేళ్లకు ఆ మాట చెప్పుకోవడం కూడా మానేశాను. చోటు అదే అయిపోయింది.

మంగళవారం సాయంత్రం పాస్టరుగారింటికి వెళ్లాం. ఈయన కొత్తాయన, మంచి మనిషి, మెల్లగా మాట్లాడతారు. ఉత్తరం అప్పటికే రాసి పెట్టారు. ఏసుదానం, లీలారాణి అనే ఈ ఇద్దరు సభ్యులు మంచి సాక్ష్యం కలిగినవారనీ, అక్కడి సంఘం వీరిని ప్రేమతో చేర్చుకోవాలనీ ఉంది.

"షీబా పేరు లేదేటండి?" అంది లీల.

"అమ్మాయికి బాప్తిస్మం ఇంకా కాలేదు కదమ్మా. అయినవాళ్ల పేర్లే ఉత్తరంలో వస్తాయి. అక్కడ తీసుకుంటుందిలెండి."

"మరి గ్లోరీ పేరు ఎక్కడ రాస్తారండి?"

పాస్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అమ్మా, ఆ బిడ్డను దేవుడికి అప్పగించే ప్రతిష్ఠ ప్రార్థన కూడా చేయలేదు గదా. సంఘం పుస్తకంలో ఎక్కలేదు. ప్రభువు దగ్గర ఉంటుంది ఆ పేరు."

"ఆస్పత్రి కాయితంలో లీలారాణి పాప అని రాసినారండి. సంఘం పుస్తకంలో నేదు. అయితే ఆ రాయి మీదే," అంది లీల. కోపంగా అనలేదు. రేషను బియ్యం ఎన్ని కిలోలు మిగిలాయో చెప్పినట్టు అంది.

తిరిగి వస్తూ ఆ మాటే తలుచుకున్నాను. సంఘం తప్పు చేసిందని నేనను. పుస్తకానికి ఒక నియమం ఉంటుంది. కానీ పదకొండు రోజుల బిడ్డకు పేరు నిలిచే చోటు ఒక్కటే ఉండి, ఆ ఒక్క చోటునూ నేను చూపించిన వేలు మీదే పెట్టడం ఏమి న్యాయమో దేవుణ్ణి అడగాలనిపించింది. అడగలేకపోయాను. అడిగితే ముందు ఆయన నన్నే అడుగుతాడు.

బుధవారం నరసన్నపేట వెళ్లాను. యుగంధర్ దుకాణంలో రాయి సిద్ధంగా ఉంది. నల్ల రాయి, అడుగున్నర పొడుగు. తెల్ల అక్షరాలతో 'గ్లోరీ' అని పెద్దగా, కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ.

"అక్షరాలు లోతుగా కొట్టినాను బావా," అన్నాడు యుగంధర్ దుమ్ము ఊదుతూ. "వందేళ్లయినా సెరగదు. సిమెంటు పడ్డాక కదపాలన్నా కదల్లేరు."

 సున్నమైతే వానకు పోతుంది. ఇది పోదు.

రాయిని గోనెలో చుట్టి బండి వెనక కట్టుకుని, తిన్నగా ఇంటికి పోకుండా అసిరయ్య మావ ఇంటివైపు తిప్పాను. ఆయన మా సంఘంవాడు కాదు, ఆయన దేవుళ్లు వేరు. కానీ మూడు తరాలుగా మా తోటలో గోతులు తీసేది వాళ్లింటివాళ్లే. చూరు కింద కూర్చుని తాటికాయలు కొట్టి ముంజెలు తీస్తున్నాడు.

"రారా దానం. గుజరాత్‌లో ఇవి దొరకవు, తిను," అని రెండు ముంజెలు ఆకులో వేసి ఇచ్చాడు.

"మావా, ఒక మాటడుగుతాను. నిజం సెప్పాలి."

"అబద్దం సెప్పడానికి నాకు నీ అంత సదువెక్కడిదిరా."

"మా పాప ఎక్కడుంది?"

కత్తి కాయలో దిగి ఆగిపోయింది. ఆయన దాన్ని లాగలేదు.

"ఇన్నాళ్లకడిగినావు," అన్నాడు.

"ఆ దిబ్బ మాది కాదా?"

"బెన్హరు కొడుకుది. మీ పాపని పెట్టిన పది రోజులకి నా సేత్తోనే పెట్టినాను. శ్రీముఖలింగం కాడ ఏటిలో ఇసక పనికెల్లినప్పుడు తెచ్చినాడా గుండ్రాయి. నున్నగుందని బిడ్డ తలకాడ ఎట్టినాడు."

బెన్హరు మా పేటవాడే. తాపీ పని. ఆ తుపానుకు ఇల్లు పోయాక భార్య హేమను తీసుకుని చెన్నై పోయాడు. ఇప్పుడు ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో ఎవరికీ తెలియదు.

"మరి మాది?"

"పొక్లెయిను ఏపమానుని లాగినప్పుడే మీది సాపయిపోనాది. ఆ మరసటేడు ఎండల్లో గోడ కొత్తగా కట్టినారు గదా. పాత పునాది సెడిపోనాదని ఓ మూర లోపలికి జరిపి కట్టినారు. ఆ గోడ కిందకెల్లిపోనాదిరా. ఏ సోటు అంటే నాను కూడా సెప్పలేను. ఈ మూల నుంచి ఆ మూల దాకా ఎక్కడో."

"నువ్వప్పుడే సెప్పొచ్చు గదా మావా!"

"సెప్పడానికే వచ్చినాను. ఆ యేడు పండక్కి గేటుకాడే నిలబడ్డాను. మీయావిడ ఆ మట్టిని పట్టుకుని ఏడుస్తన్నాది. నువ్వు నన్ను సూసి తల తిప్పీసినావు." ఆయన కత్తిని కాయలోంచి పీకాడు. "నీకు తెలుసనుకున్నాను. తెలిసే అలగ సేసినావనుకున్నాను. ఇంటాయన ఇష్టం, మద్దిన నానెవుణ్ని?"

ముంజెలు తినలేకపోయాను. ఆకులోనే వదిలేసి వచ్చాను.

గురువారమంతా మూటలు కట్టాను. రాయి గోనెలోనే గుమ్మం పక్కన ఉంది. అటూ ఇటూ తిరిగినప్పుడల్లా దాన్ని దాటాలి. దాటినప్పుడల్లా ఒక ఆలోచన వచ్చేది. ఊరుకుంటే ఏమవుతుంది? బెన్హరు రాడు. అసిరయ్య మావ ఎవరికీ చెప్పడు. లీల మనసులో ఒక చోటు ఉంది, ఆ చోటును నమ్ముకుని రెండు వేల కిలోమీటర్లు పోగలదు. నిజం చెప్పి ఆ చోటును కూడా లాగేస్తే ఆమెకు మిగిలేదేమిటి? మేలు కోసం ఆడిన అబద్ధాన్ని దేవుడు ఎలా లెక్కిస్తాడో నాకు తెలియదు. పాస్టరుగారిని అడుగుదామనుకున్నాను. అడిగితే ఆయన చెప్పబోయేది నాకు ముందే తెలుసు, అందుకే వెళ్లలేదు.

సాయంత్రం కుటుంబ ప్రార్థన. కుర్చీలు కట్టేశాం గనక మూటల మీద కూర్చున్నాం. షీబా వాక్యం చదివింది. లీల ప్రార్థన చేసింది. కంపెనీ గురించి, ప్రయాణం గురించి, షీబా చదువు గురించి అడిగింది. చివర, "ప్రభువా, మేము దూరం పోతున్నాము. మా బిడ్డ ఈ మట్టిలో ఒంటరిగా ఉంటుంది. నీ దూత ఆ చోట కాపలా ఉండునుగాక," అంది. ప్రార్థనలో ఆమె భాష మారిపోతుంది, పాస్టరమ్మలా మాట్లాడుతుంది.

షీబా ఆమెన్ అంది. 

"నాన్నా, ఆమెన్ అనలేదు," అంది షీబా.

"అనుకున్నాను లోపల," అన్నాను. అదీ అబద్ధమే.

ఆ రాత్రి పడుకుని ఒక్క సంగతే ఆలోచించాను. కడవరి బూర మోగిన రోజున సమాధులు తెరుచుకుంటాయని మేము నమ్ముతాం. ఆ రోజు ఆ రాయి కిందనుంచి ఒక మగబిడ్డ లేస్తాడు. నెత్తి మీద మా పిల్ల పేరు. వాడు తన తల్లి కోసం అటూ ఇటూ చూస్తాడు. గోడ కింద నుంచి లేచే నా పిల్లకేమో పేరే ఉండదు. దేవుడికి అన్నీ తెలుసు, పొరబడడు, అది నాకూ తెలుసు. కానీ ఆయనకు తెలుసు కదా అని నేను తప్పు రాయి పాతవచ్చా?

శుక్రవారం పొద్దున్నే వెళ్లాం. రాయి, సిమెంటు సంచి బండి ముందు పెట్టుకుని నేను, సున్నం కుండ ఒళ్లో పెట్టుకుని వెనక లీల. షీబా స్నేహితురాళ్లకు చెప్పి రావడానికి వెళ్లింది. అసిరయ్య మావ అప్పటికే వచ్చి ఇసుక జల్లించి పెట్టాడు. నా ముఖం చూశాడు. నేను తల తిప్పుకోలేదు ఈసారి.

లీల దిబ్బ మీద గడ్డి పీకి చదును చేసింది. గుండ్రాయి మీద ఏడున్నరేళ్ల సున్నం పొరలు పొరలుగా పెచ్చుకట్టి ఉంది. "దీన్ని తీయకు మావా. దీనెనకాల ఎట్టు కొత్తది. మా ఆయన ఎట్టిన రాయి," అంది.

అసిరయ్య మావ సిమెంటు కలుపుతున్న తాపీ పక్కన పెట్టి బీడీ కోసం జేబు తడుముకున్నాడు.

"లీలా," అన్నాను. "ఆ రాయి నేనెట్టలేదు."

"మరెవులెట్టినారు?"

"బెన్హరు. ఇది ఆడి కొడుకుది. మన పాపది కాదు."

ఆమె నవ్వబోయింది, వేళాకోళం అనుకుని. తర్వాత అసిరయ్య మావ వైపు చూసింది. ఆయన నేల చూస్తున్నాడు.

చెప్పాను. వాన, తాటికమ్మ సిలువ, లెక్కపెట్టుకోకపోవడం, పొక్లెయిను, గోడ. బుధవారం మావ చెప్పింది. అంతా నిలబడే చెప్పాను. కూర్చుంటే ఏడుస్తానేమోనని.

"బుధవారం తెలిసిందా నీకు?" అంది.

"రూఢిగా బుధవారం. అనుమానం మొదటి రోజే. ఈ రాయి నువ్వెట్టినావా అని నువ్వు అడిగినప్పుడే."

లీల లేచి గోడ దగ్గరకు వెళ్లింది. మూల నుంచి మొదలుపెట్టి అరచేత్తో గోడను రాస్తూ, ఆ చివరి మూల దాకా నడిచింది. మళ్లీ వెనక్కి వచ్చింది. ఎక్కడా ఆగలేదు. ఆగడానికి ఒక చోటు ఉండాలి కదా. తిరిగి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"మరిన్నేళ్లూ నాను ఎవులితో మాటాడినానయ్యా?" అంది.

నేను కుండలోని సున్నం చూస్తూ నిలబడ్డాను.

"బడి ఊసులు, గౌన్ల ఊసులు... ఎవులి పిల్లడికి సెప్పినాను ఇయన్నీ? నా పిల్ల ఆ పక్కన గోడ కింద ఉండి వింటన్నాదా? అమ్మ నన్నొగ్గీసి ఆడితో మాటాడతన్నాదనుకున్నాదా?"

"లీలా..."

"నువ్వు మాటాడకు."

అసిరయ్య మావ గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, పోనీ రాయిని ఆ గోడకే అంటించీమంటావా? గోడ కిందే గదా ఉన్నాది. ఎవులూ కాదనరు."

లీల గోడను చూసింది, రాయిని చూసింది. "ఒద్దు మావా. గోడకి ఎడితే అది గోడ పేరయిపోతాది. ఎక్కడుందో తెలీనప్పుడు ఇక్కడున్నాదని రాసీడం ఒద్దు. ఒకపాలి రాసీసినాం, సాలు."

కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని దిబ్బ దగ్గర గొంతుకూర్చుంది.

"బెన్హరు కొడుకుకి పేరేటి మావా?"

"తెలీదమ్మా. నాలుగు రోజుల గుంటడు. ఎట్టే ఉండరు."

ఆమె కుండలో కుంచె ముంచింది. ఇంటికి పోదామంటుందనుకున్నాను. ఆమె సున్నం వేయడం మొదలుపెట్టింది. ఎప్పటిలాగే తలవైపు నుంచి, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి. కబుర్లు మాత్రం లేవు. గుండ్రాయికి వచ్చేసరికి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత దానికీ వేసింది.

"ఈడికి ఎవులున్నారు? సున్నం పడకపోతే ఈడి మీద ఇంకోల్ని పెట్టీస్తారు," అంది. నాతో కాదు, మావతో. "మావా, ఈ కుండ నీ దగ్గరుంచు. నవంబర్లో ఒకపాలి, పండక్కి ఒకపాలి. నాను ఫోను సేస్తాను."

"నానున్నన్నాళ్లూ ఏస్తానమ్మా," అన్నాడు అసిరయ్య. ఆయనకు డెబ్బై దాటాయి.

కలిపిన సిమెంటు తొట్టిలో ఎండిపోయింది. రాయిని మళ్లీ గోనెలో చుట్టి బండి మీద ఇంటికి తెచ్చాను. దారి పొడుగునా లీల నా భుజం పట్టుకోలేదు. వెనక కడ్డీని పట్టుకుని కూర్చుంది.

శనివారం పదింటికి లారీ వచ్చింది. మా సెక్షన్‌వాడే పృథ్వీరాజ్, వాడి సామాను అప్పటికే ముందువైపు ఎక్కేసింది. వాడు పైన నిలబడి అందరి మూటలూ అందుకుంటున్నాడు. మా ఏడడుగులూ నిండిపోయాయి. రాయి ఇంకా గుమ్మం పక్కనే ఉంది. పాస్టరుగారింట్లో ఉంచి పోదామని నా మనసులో ఉంది. ఆ మాట అనే ధైర్యం లేదు.

లీల లోపలికి వెళ్లి బొంత తెచ్చింది. గోనె విప్పి, రాయిని బొంతలో చుట్టి, తాడుతో కట్టి, తనే ఎత్తుకుని లారీ దగ్గరకు వచ్చింది. షీబా పరుగెత్తుకెళ్లి ఒక చివర పట్టుకుంది. షీబాకు ముందు రోజు సాయంత్రమే లీల అంతా చెప్పింది. అప్పటినుంచి అది కూడా నాతో అవసరమైనంతే మాట్లాడుతోంది.

"ఓలమ్మో, ఏటొదినా ఈ బరువు!" అన్నాడు పృథ్వీరాజ్ అందుకుంటూ. "రాయా ఇది? గుజరాత్‌లో రాళ్లు నేవేటి?"

"ఈ రాయి నేదు," అంది లీల.

"మీ గీత దాటిపోనాది. సోటు నేదు మరి."

లీల లారీలోకి చూసి, "ఆ గంగాళం దింపీ," అంది.

వాడు ఆమెను చూశాడు, నన్ను చూశాడు. ఇక జోకులు వేయలేదు. పుట్టింటి గంగాళం కిందికి దిగింది. దాని చోట్లో బొంత మూట కూర్చుంది. గంగాళాన్ని పక్కింటివాళ్లు తీసుకున్నారు, రుబ్బురోలు పక్కన పెట్టుకున్నారు.

మేము ఆమదాలవలసలో రైలెక్కాం. విజయనగరంలో మారాలి. పాసింజరు బండి, కిటికీ పక్కన లీల, ఆమె పక్కన షీబా, ఎదురుగా నేను. నాగావళి వంతెన మీద బండి మెల్లగా పోతోంది. కింద ఏరు ఎండిపోయి ఇసుక తెల్లగా ఉంది. లీల దాన్నే చూస్తోంది. సున్నంలా ఉందని నాకనిపించింది. ఆమెకేమనిపించిందో తెలియదు.

నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. పొందూరులో దిగుతుందట. ఒళ్లో మామిడిపళ్ల సంచి. మూటలు చూసి, "ఊరు మారుతున్నారేటమ్మా? ఎంతమంది పిల్లలు?" అంది.

ఇలా ఎవరైనా అడిగితే లీల వెంటనే చెబుతుంది, ఇద్దరు, చిన్నది మా తోటలో ఉంది అని. ఏడున్నరేళ్లుగా అదే జవాబు. ఈసారి ఆమె కిటికీ నుంచి తల తిప్పి నన్ను చూసింది. తోటలో మాట్లాడవద్దన్న తర్వాత అదే మొదటిసారి నన్ను చూడడం.

"ఇద్దరండి," అన్నాను.

"ఒకర్తే ఉన్నాది గదా. రెండో పిల్ల ఎక్కడున్నాది?"

నా చెయ్యి ఒళ్లో ఉంది. కదపలేదు.

"తెలీదండి," అన్నాను.

పెద్దావిడ వింతగా చూసి, సంచి దగ్గరకు లాక్కుంది. వంతెన అయిపోయింది, బండి వేగం అందుకుంది. లీల మళ్లీ కిటికీ వైపు తిరిగింది. పొందూరులో పెద్దావిడ దిగాక, బయటికే చూస్తూ అంది.

"ఆ రోజే ఈ ముక్క సెప్పీవలిసింది."